లైనులో ఖాళీ

క్రిస్టినాను చెరువు గట్టు మీద నిలబెట్టారు. పాదాలు బ్లీచింగ్ నీళ్ళ తొట్టిలో. నెత్తి మీద ఫుట్‌బాల్, అది జారిపోకుండా రెండు చేతులూ పైకి. రొయ్యలు ఒలిచే షెడ్‌లో ఉదయం షిఫ్టు దిగి వచ్చే ఆడవాళ్ళందరూ చూడాలని సరిగ్గా ఆ వేళకే నిలబెట్టారు. ఆమె చేసిన నేరమల్లా బాల్ వెళ్ళి బుల్లిరాజుగారి రొయ్యల చెరువులో పడితే గట్టు మీద నుంచి వెదురు గడతో లాక్కోవడం. పట్టుకున్నది కాపలా చిట్టియ్య. శిక్ష వేసింది రాజుగారు, ఫోన్‌లో.

ఆమె కోచ్ విజయ్ పాల్ గ్రౌండ్ అంచునే ఉన్నాడు. మెడలో విజిల్ ఉంది. ఒక్క మాట అనలేదు.

అనలేకపోయాడు పాపం అని మనం సర్దిచెప్పుకోవద్దు. ఎందుకు అనలేదో మాత్రం తెలుసుకోవాలి. అలాంటివాళ్ళు మనలో చాలామందే ఉన్నాం.

విజయ్ పాల్ ఈ పేటవాడే. ఈ గ్రౌండ్‌లో ఉత్తకాళ్ళతో ఆడి కలకత్తా క్లబ్బుకి ఫార్వర్డ్‌గా వెళ్ళాడు, అక్కణ్ణుంచి గోవాకి. అతను టీవీలో కనబడిన రోజున చర్చి ముందు టపాకాయలు కాల్చారు. గోల్స్ కొట్టినన్నాళ్ళూ క్లబ్బులు నెత్తిన పెట్టుకున్నాయి. మోకాలు పోయిన సీజన్‌లోనే ఫోన్ ఎత్తడం మానేశాయి. ఒంట్లో సత్తువ ఉన్నంతవరకే బేరమని షెడ్‌లో ఒలిచే మనిషికి మొదటి నెలలోనే తెలుస్తుంది. అతనికి మోకాలు పోయాక తెలిసింది. తెలిసి ఏం చేశాడు? కుంటుకుంటూ ఊరొచ్చి బుల్లిరాజుగారు కప్పిన శాలువా కప్పుకున్నాడు. ఆ షెడ్ ఉన్న ఆయన ప్లాంటు ఆవరణలోనే క్వార్టర్ ఇచ్చారు. షెడ్‌లో పనిచేసే ఆడపిల్లల టీముకి కోచ్‌గా పెట్టుకున్నారు.

విదేశాల కొనుగోలుదార్లు తనిఖీకి వచ్చినప్పుడల్లా ఆ పిల్లలకు ఇస్త్రీ జెర్సీలు తొడిగి చూపించేవారు. ఐసు నీళ్ళకు పగిలిపోయిన వేళ్ళు కనబడకుండా చేతులు వెనక్కి కట్టుకోమని మేనేజర్ చెప్పేవాడు. ఆ మాట పిల్లలకు చేరవేసేది విజయ్ పాలే. సాయంత్రమైతే ప్లాంటు గేటుకి తాళం పడేది. పేట నుంచి ఎవరొచ్చినా ఊచల బయట నిలబడి మాట్లాడి పోవాల్సిందే. అతను లోపల నిలబడేవాడు.

ఆ వారమే చెరువుల్లో వైట్ స్పాట్ రోగం తగిలింది. రొయ్యలు గట్ల పక్కకి చేరి తేలిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ళలోనూ అదే గోల. అయినా రాజుగారికి ఒక సాకు కావాలి, బాల్ దొరికింది. దాని కోసం పిల్లలు చెరువులో దిగారట, రోగం వాళ్ళ కాళ్ళతో వచ్చిందట. గ్రౌండ్‌కి మూడు వైపులా ఆయన చెరువులే, నాలుగో వైపు మురుగు కాలువ. మధ్యలో మిగిలిన ఆ పంచాయతీ నేల మీద ఆయనకి ఎన్నాళ్ళ నుంచో కన్నుంది. రోగం వంకతో దాన్నీ చెరువుగా తవ్వెయ్యాలని చూశారు.

విజయ్ పాల్‌ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి మరీ రాజుగారు విషయం చెప్పారు.

"సోమవారం ఆఫీసర్లొస్తారు. పిల్లలు చెరువులో దిగేరని, కళ్ళారా చూశానని చెప్పు. నువ్వు చెప్తే ఎవడూ కాదనడు."

"వాళ్ళు దిగలేదండి."

"మోకాలికి మళ్ళీ ఆపరేషన్ ఉందంట కదా. క్వార్టర్ ఖాళీ చేసి ఎక్కడుంటావు, పాలూ?"

"చూద్దామండి" అన్నాడు విజయ్ పాల్. మన వైపు చూద్దామండి అంటే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం సంగతి రాజుగారు క్వార్టర్ తాళానికి వదిలేశారు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో పేటంతా కూర్చుంది. విజయ్ పాల్ కూడా వచ్చి గోడ వారగా నిలబడ్డాడు. గ్రౌండ్ పోతే పోయింది, షెడ్‌లో పనుంటే చాలన్నారు కొందరు. క్రిస్టినా తల్లి సంపూర్ణమ్మ లేచింది. బోర్లన్నీ ఉప్పెక్కిపోయాయి, తాగే నీళ్ళ ట్యాంకర్ ఆగేది ఆ గ్రౌండ్‌లోనే, పెళ్ళికి పందిరి వేసుకునేదీ అక్కడే, అది కూడా తవ్వేస్తే ఇంటి గుమ్మంలోకే చెరువొస్తుంది, అప్పుడు పని మిగిలినా మనుషులు మిగలరని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. వాదన చాలాసేపు నడిచింది. చివరికి మర్నాడు షిఫ్టు మానేసి, గ్రౌండ్ తవ్వడానికొచ్చే మెషిన్‌కి అడ్డం నిలబడాలని తేల్చారు.

అప్పుడు క్రిస్టినా కోచ్ వైపు తిరిగింది. పాదాల తోలు ఇంకా ఊడుతూనే ఉంది.

"సార్, ఆఫ్‌సైడ్ లైను మీరే నేర్పేరు. డిఫెండర్లందరం ఒకే పిలుపుకి ఒకే అడుగు ముందుకెయ్యాలి, అవతల ఫార్వర్డ్ మన వెనక చిక్కిపోతాడు, ఆడు కొట్టిన గోల్ చెల్లదు. ఒక్కళ్ళు వెనక ఆగిపోతే ఏమవుద్దన్నారు?"

అతను గోడకి ఆనుకుని మోకాలు సవరించుకున్నాడు.

"లైనంతా పోద్దన్నారు. ఇప్పుడు ఆగిపోయింది మీరేనండి."

ఆ మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. ఆడిన రోజుల్లో ప్రతి మ్యాచ్‌లోనూ అతను వెతికింది ఆ ఒక్క మనిషి కోసమే. అలిసిపోయో భయపడో అడుగు వెయ్యనివాడి కోసం. వాడి పక్క నుంచి దూరి గోల్ కొట్టేవాడు. ఇప్పుడు బుల్లిరాజుగారు దూరబోయేది తన పక్క నుంచే.

సోమవారం పొక్లెయిన్ వచ్చింది. వెనక పోలీసు జీపు, ఆఫీసర్లు, రాజుగారి కారు. కారు పక్కన విజయ్ పాల్. ఎదురుగా షెడ్ ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గ్రౌండ్‌కి అడ్డంగా నిలబడ్డారు. మధ్యలో క్రిస్టినా చెయ్యెత్తి "అడుగు" అంది. లైను ఒక్కసారిగా ముందుకి కదిలింది. డ్రైవర్ మెషిన్ ఆపేశాడు. రాజుగారు కారులోంచి చెయ్యి ఊపి పక్కకి తిప్పమన్నారు.

కాలువ వైపు లైను చాల్లేదు. అక్కడ ఖాళీ ఉంది. అందరికంటే ముందు విజయ్ పాల్‌కే కనబడింది, ఖాళీ చూడటమే కదా అతని వృత్తి. పొక్లెయిన్ అటే తిరుగుతోంది.

"మీరు చూశారటగా, చెప్పండి" అన్నాడు ఆఫీసర్.

విజయ్ పాల్ జవాబివ్వకుండా నడిచాడు. పరిగెత్తలేడు, కుంటుతూనే వెళ్ళి ఆ ఖాళీలో నిలబడి సంపూర్ణమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"చెరువులో ఎవరూ దిగలేదండి. బాల్ పడని చెరువుల్లోనూ రొయ్య చచ్చింది. ఈ పిల్లని తొట్టిలో నిలబెట్టినప్పుడు చూస్తూ ఊరుకున్నాను. ఇంక ఊరుకోను."

ఎస్సై అతన్ని కాలరు పట్టి లాక్కుపోయి జీపెక్కించాడు. జీపు కదులుతుంటే విజయ్ పాల్ మెడ తిప్పి చూశాడు. తాను వదిలిన చోటు మళ్ళీ ఖాళీ. పొక్లెయిన్ తొండం లేచింది.

గట్టు మీద కాపలా చిట్టియ్య చేతికర్ర చెరువులోకి విసిరేశాడు. లుంగీ ఎగ్గట్టి వచ్చి ఆ ఖాళీలో నిలబడ్డాడు. క్రిస్టినా చెయ్యి లేచింది. లైను మళ్ళీ అడుగేసింది, ఇంకోటి వేసింది, పొక్లెయిన్ వెనక్కి నడిచింది.

"ఇదంతా ఎవడు నేర్పేడ్రా వీళ్ళకి?" అన్నాడు ఎస్సై.

"నేనేనండి. రాసుకోండి" అన్నాడు విజయ్ పాల్.

ఒలిచేవాళ్ళు లేక షెడ్‌లో ఐసు కరిగి నీళ్ళు గేటు కింద నుంచి రోడ్డు మీదికొచ్చాయి. మర్నాడు పొరుగూరి ప్లాంటులోనూ ఆడవాళ్ళు షిఫ్టు ఎక్కలేదు.