ఎత్తని చెయ్యి

సంఘపెద్ద కృపారావు ఆ ఆదివారం మందిరానికి ఒకే పని మీద వచ్చాడు. దాలయ్యను బాప్తిస్మం దాకా వెళ్ళనివ్వకూడదు.

సాలూరు శివారులోని ఆ బాప్టిస్టు సంఘానికి ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం అడిగినవాడు, క్రైస్తవుల ఇంట పుట్టినవాడైనా సరే, అందరి ముందూ నిలబడి తాను తిరిగి జన్మించిన తేదీ చెప్పాలి. ఆ రోజు ఏం జరిగిందో సాక్ష్యం చెప్పాలి. తరువాత సంఘపెద్ద ప్రశ్నలు అడుగుతాడు. జవాబులు విన్నాక బాప్తిస్మం పొందిన వాళ్ళంతా కుడిచెయ్యి ఎత్తుతారు. ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ మనిషి ఇంకో ఏడాది ఆగాలి. ఇరవై ఏళ్ళుగా ప్రశ్నలు అడుగుతున్నది కృపారావే. ఇంతవరకూ ఎవరి విషయంలోనూ ఏ చెయ్యీ ఆగలేదు.

దాలయ్య లారీ డ్రైవరు. ఏడేళ్ళ కిందట, 2009లో, ఒక పొద్దున కృపారావు భార్య అన్నమ్మను లారీ గుద్దింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రోడ్డు వారనే నడుస్తున్నారు. రెండడుగులు వెనకబడ్డాడు కాబట్టి కృపారావు మిగిలాడు. స్టీరింగు దగ్గర దాలయ్యను చూశాడు. కొత్త మొహం కాదది. కృపారావు లారీలకు చెక్క బాడీలు కట్టే వడ్రంగి. షెడ్డులో దాలయ్య తన ఎదురుగా కూర్చుని ఎన్నిసార్లు టీ తాగాడో లెక్కలేదు.

కేసు మాత్రం దాలయ్య మీద పడలేదు. దాలయ్య లైసెన్సు గడువు దాటిపోయింది. లారీ ఓనరు లైసెన్సున్న గోవింద్‌ని తీసుకెళ్ళి స్టేషనులో నిలబెట్టాడు. కోర్టులో కృపారావు, నడిపింది వీడు కాదు, అదిగో ఆ వెనక బెంచీ మీద ఉన్నవాడు అని వేలు పెట్టి చూపించాడు. వకీలు లేచి, నీ కంటి శుక్లానికి ఆపరేషను ఎప్పుడయింది, ప్రమాదం నాటికి నీకు ఎంత దూరం కనబడేది అని అడిగాడు. కొందరు నవ్వారు. గోవింద్ బయటపడ్డాడు. దాలయ్య పేరు ఏ కాగితంలోకీ ఎక్కలేదు. ముసలాడికి చూపు ఆనక ఎవడినో చూసి ఎవడో అనుకున్నాడన్న మాట ఊళ్ళో మిగిలింది. కృపారావు షెడ్డు మానేశాడు. ఏడేళ్ళు గోడకేసి చూస్తూ అన్నం తిన్నాడు.

ఇప్పుడు ఆ దాలయ్య తెల్లచొక్కా వేసుకుని మందిరంలో నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద అతని భార్య కూర్మమ్మ తల దించుకుని కూర్చుంది.

"అయ్యగారూ, ఈడ్ని మూడుసార్లు ముంచండి," అంది నారాయణమ్మ పాస్టరుతో. సంఘంలో అందరికంటే పెద్దది, ఎవరికీ జంకదు. "ఇరవయ్యేళ్ళ సారాకంపు. ఒక్క ములక్కి వొదల్దు."

అందరూ నవ్వారు. దాలయ్య కూడా నవ్వాడు.

"నాలుగుసార్లు ముంచినా సరే పిన్నీ. ఊపిరాడినంత సేపూ ఉంటాను."

కృపారావు నవ్వలేదు. "తేదీ సెప్పు," అన్నాడు.

"పోయినేడు డిసెంబరు పదమూడు. ఆదోరం."

"ఆ దినాన ఏటయినాది?"

"ఏటీ అవనేదు పెద్దాయనా. సీసా తెచ్చుకున్నాను. మూత తియ్యబోతే మా కూర్మి తన సెయ్యి అడ్డం పెట్టీసినాది, మొహం కాసుకోడానికి. నానింకా కొట్టనేదు. కొడతానని ముందే అడ్డం పెట్టీసినాది. సీసా కింద పెట్టీసి ఏడిసినాను. ఎవుడ్రా నువ్వు అనిపించినాది. ఈడు సచ్చిపోతే బాగున్ను అనిపించినాది. తెల్లారేసరికి... ఈడు ఇంక నాలో నేడు. అంతే. ఎలాగ సెప్పాలో నాకు తెల్దు."

పాస్టరు శాంతికుమార్ కుర్రవాడు. కళ్ళు తుడుచుకున్నాడు. కృపారావుకు ఒళ్ళు మండింది. ఏడుపు ఎవడైనా ఏడుస్తాడు.

"పాపాలు ఒప్పుకున్నావా?"

"అన్నీ ఒప్పుకున్నాను."

"అన్నీ అంటే ఏటి? మూట కట్టి ఇసిరీసినావా? ఆటికి పేర్లు నేవా?"

ఇక్కడే వీడు దొరుకుతాడని కృపారావు లెక్క. చెప్పడు. చెప్పకపోతే సాక్ష్యం చెల్లదు. అప్పుడు చెయ్యి ఎత్తనక్కర్లేదు, తన మనసులో ఏముందో ఎవరికీ తెలియనక్కర్లేదు. నియమమే వీణ్ణి బయటకు గెంటుతుంది.

దాలయ్య తలెత్తి, పాస్టరుకేసి కాక, కృపారావుకేసి చూశాడు.

"ఉన్నాది బావూ. పేరున్నాది. అన్నమ్మ."

కూర్మమ్మ తలెత్తి మొగుడికేసి చూసింది.

"బండి నాదే. రెండు దినాల బట్టి నిద్దర్నేదు, తాగున్నాను కూడాను. కన్ను మూతడిపోయినాది. తెరిసేసరికి ఆయమ్మి... నాను ఆపనేదు. అద్దంలో తమర్ని సూసినాను, రోడ్డు మీద కూకున్నారు. ఐనా ఆపనేదు. కోర్టులో తమరు నాకేసి ఏలు సూపినప్పుడు తల దించీసుకున్నాను. తమరి కళ్ళు తప్పు సూడనేదు. సరిగ్గానే సూసినాయి. ఇప్పుడు టేసనుకి రమ్మంటే ఇలాగే వొచ్చీస్తాను."

ఈ మాట కోసం కృపారావు ఏడేళ్ళు కూర్చున్నాడు. ఈ మాట వింటే గుండె మీది బండ దిగుతుందనుకున్నాడు. దిగలేదు. నిలబడడానికి ఉన్న నేల కూడా పోయింది. వీడు అబద్ధాలకోరు కాబట్టి ద్వేషించాడు. ఇప్పుడు నిజం చెప్పేశాడు. ఆ నిజమే వీడు తిరిగి పుట్టాడనడానికి రుజువు. దాన్ని వీడి నోట పలికించింది తన ప్రశ్నే.

"స్తోత్రం," అన్నాడు శాంతికుమార్ మెల్లగా. "సంఘం విన్నది. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. నారాయణమ్మ చెయ్యి లేచింది. వెనక వరసలో ఉన్నవాళ్ళకు సండేస్కూల్లో పాఠం చెప్పింది కృపారావే. తిరిగి పుట్టడమంటే చొక్కా మార్చడం కాదర్రా, పాత మనిషి చచ్చిపోవాలి, చచ్చినవాడి మీద కేసు నడవదు అని నవ్వుతూ చెప్పేవాడు. వాళ్ళూ చేతులెత్తారు.

కృపారావు చెయ్యి మోకాలి మీదే ఉంది.

ఆ పాత మనిషి చచ్చిపోతే అన్నమ్మను చంపినవాడు ఎక్కడున్నాడు? వాణ్ణి ఎక్కడ వెతకాలి? ఎదుట నిలబడినవాడు ఏ పాపమూ ఎరగనట్టున్నాడు. చంపినవాడు తప్పించుకున్నాడు, కోర్టునుంచి ఒకసారి, ఇప్పుడు చావులోకి ఇంకోసారి.

"కృపారావూ, సెయ్యి," అంది నారాయణమ్మ.

"పెద్దాయనా, సాక్ష్యంలో లోపమేమైనా ఉందా?" అడిగాడు శాంతికుమార్. "ఉంటే చెప్పండి. మీరు ఎలా తిరిగి జన్మించారో అతనూ అలాగే కదా."

తను ఎలా జన్మించాడో కృపారావుకు తెలుసు. బాప్తిస్మం లేనివాడికి పిల్లనిచ్చేది లేదన్నారు అన్నమ్మ వాళ్ళు. పెద్దలు తేదీ అడిగితే నోటికొచ్చిన ఒక ఆదివారం చెప్పాడు. నిజానికి ఆ రోజంతా బొబ్బిలిలో మావ కొడుకుతో కోడిపందేల దగ్గర ఉన్నాడు. ఆ సంగతి అన్నమ్మకు కూడా చెప్పలేదు. ఆ తేదీతోనే పెళ్ళి చేసుకున్నాడు, సంఘపెద్ద అయ్యాడు, అరవైమందిని తేదీలు అడిగాడు. తిరిగి పుట్టినవాడు ఎలా ఉంటాడో ఇవాళే మొదటిసారి చూస్తున్నాడు. అది దాలయ్య కావడమే అతను భరించలేకపోయాడు.

"లోపం నేదు," అన్నాడు. "ఈడు తిరిగి పుట్టినాడు. నాను ఒప్పుకుంతన్నాను."

"మరి చెయ్యి?"

"ఎత్తను."

"అలా కుదరదండి. ఒప్పుకుంటే ఎత్తాలి."

"ఏడాది ఆగాలని ఉన్నాది కదా. ఆగమను."

కూర్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. కృపారావు తిట్టు కోసం కాచుకుని కూర్చున్నాడు. ఒక్క తిట్టు తిడితే చాలు. పాత దాలయ్య పైకి వస్తే చాలు.

"ఆగుతాను బావూ," అన్నాడు దాలయ్య. "నాయమే."

తరువాతి ఆదివారం కృపారావు ఎవరూ రాకముందే మందిరానికి వెళ్ళాడు. రాకుండా ఉందామనుకున్నాడు. కానీ మందిరం వెనకే అన్నమ్మ సమాధి. దాన్ని విడిచి ఇంకో సంఘానికి పోలేడు. వెళ్ళేసరికి దాలయ్య చాపలు పరుస్తున్నాడు. పెద్దల వరసలో కృపారావు కూర్చునే చోట దుమ్ము దులిపి ఉంది.

"కూకోండి బావూ."

"నన్ను బావూ అనకు."

"మరేటనాల?" దాలయ్య చాప అంచు సరిచేశాడు. "ఇక్కడోలందరూ తమర్ని అన్నా అంటారు. నాకింకా బాప్తిస్మం అవనేదు. అనొచ్చో అనకూడదో అయ్యగార్ని అడిగినాను. పెద్దాయన్నే అడుగు అన్నారు."

కృపారావు గుమ్మంలోనే నిలబడ్డాడు. జనం రావడం మొదలైంది. వెనకనుంచి వచ్చేవాళ్ళు తోసేసరికి లోపలికి నడిచి, దులిపిన చోటే కూర్చున్నాడు. దాలయ్య వచ్చి అతని వెనక వరసలో చేరాడు. పాట మొదలైంది. ఆ గొంతు బాగా పాడుతోంది. ఇంకా యాభైఒక్క ఆదివారాలున్నాయి.