నడుము పట్టని డాక్టరు

"ఓ మట్టయ్యా! మీ దోస్తుకు ఫ్యూజు పోయిందంట!" అని మా అక్క జానమ్మ మునగాలలో లబలబలాడింది.

సూర్యాపేట దవాఖాన నుంచి ఫోన్లో నేను చెప్పింది "ఫ్యూజన్". నా గొంతు ఫోను లేకున్నా మునగాల దాకా వినపడేదే, ఫోను ఉండబట్టే చెడింది. మళ్లీ చెప్పుదామంటే ఛార్జింగ్ ఖతం.

మా బావ పెద్దులు గొర్లు కాస్తడు. రెండేండ్లుగా నడుం పట్టేసింది. కూసుంటే లేవలేడు, లేస్తే కూసోలేడు. మంద కాడికి పోనిదే నిద్ర పట్టదు, పోతే నొప్పికి నిద్ర పట్టదు.

సూర్యాపేట డాక్టరు స్కాన్ ఫిల్మును లైటుకు పెట్టి చూసిండు. "రెండు పూసలు అరిగినయ్. స్క్రూలు, రాడ్లు వేసి కలిపేద్దాం. ఫ్యూజన్. సోమవారం వచ్చి చేరండి."

"ఆపరేషన్ అయినంక గొర్ల ఎంట నడుస్తనా సారూ?"

"చూద్దాం," అన్నడు, ఫిల్మునే చూసుకుంట.

బావ వరండాలో అటూ ఇటూ తిరిగి తిరిగి నా భుజం పట్టిండు.

"బామ్మర్దీ, గొర్రెను బేరమాడేటప్పుడు ఏం జేస్తం?"

"నడుం మీద చెయ్యేసి ఒత్తి సూస్తం. ఉన్ని మోసం జేస్తది, ఎముక జెయ్యదు."

"మరి ఈయన నా నడుం ముట్టిండా? ఫొటో జూసి గొర్రెను కొంటవా నువ్వు? నడువ్, మిర్యాలగూడ పోదాం."

నడుం పట్టినోడికి నడుం పట్టని డాక్టరు! బస్సులో సీటున్నా కూసోలేదు, దారి పొడుగునా నిలబడ్డడు.

మిర్యాలగూడలో డాక్టర్ ఉమారాణి పూస పూసనూ వేలితో ఒత్తింది. కాళ్లు లేపించింది, మడమల మీద నడిపించింది. తిమ్మిర్లున్నయా, మూత్రం సరిగ వస్తుందా అని అడిగింది.

"నరాలు బాగనే ఉన్నయ్. ఈ వయసులో అరుగుదల చాలామందికి ఉంటది. స్క్రూలు బిగించినా ఈ నొప్పి పోతదని గ్యారంటీ లేదు. ముందు ఆర్నెల్లు ఎక్సర్‌సైజులు చెయ్యి, అప్పటికీ తగ్గకపోతే మాట్లాడుదాం."

"గొర్లు?" అని అడిగిండు బావ.

"పోవాలె! నడకే నీకు మందు. గొర్రెపిల్లల్ని ఎత్తేటప్పుడు మాత్రం నడుం వంచకు, మోకాళ్లు వంచు."

అంటే మా బావకు మందే మందు!

కోదాడ మీదుగా ఇల్లు చేరేసరికి వాకిట్లో సగం ఊరుంది. బావ పోయిండనుకొని అక్క శోకాలు పెడుతుంది. మట్టయ్య చేతిలో బంతిపూల దండ!

"ఆగుండ్రి!" అని అరిచిన. "ఫ్యూజు పోలే! ఫ్యూజన్ అన్న. పూసలకు స్క్రూలు బిగించే ఆపరేషన్. అది గూడ ఇప్పుడు లేదు!"

అక్క ఏడుపు ఆపి నన్ను తిట్టుడు మొదలువెట్టింది. మట్టయ్య దండను వీపు వెనక దాచిండు.

"దాస్తవేందిరా, తెచ్చినంక ఎయ్యి," అన్నడు బావ, మంద దిక్కు నడుసుకుంటనే. "జర పైకెత్తి ఎయ్. నేనైతే నడుం వంచ."