పర్వాలేదండీ

పర్వాలేదు అన్న మాట మీద నాకు నమ్మకం లేదు. నాది కుళాయిలు, పైపులు, బాత్రూం సామాను అమ్మే కొట్టు. సరుకు బాగాలేదని విసుక్కున్నవాడు చివరికి కొంటాడు. ధర మండిపోతోందని అరిచినవాడూ కొంటాడు. పర్వాలేదు అన్నవాడు మాత్రం మెట్లు దిగి పక్క కొట్టుకు పోతాడు. ఆ మాట వల్ల అమ్మేవాడికీ కొనేవాడికీ పైసా ఉపయోగం లేదు. అలాంటి మాటను మా మరదలు ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా వాడుతుంది.

మరదలంటే నా భార్య చెల్లెలు. బస్సు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆ తర్వాత చాలాకాలం వాళ్ళ అన్నయ్య ఇంట్లో, వెనక గదిలో ఉంది. ఆ అన్నయ్య, అంటే నా బావమరిది, నలుగురిలో పెద్దమనిషి. చెల్లెల్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ చూసుకోవడం ఎంత నాణ్యమైందో నేను చూశాను. ఎలాగూ కూర్చున్న మనిషే కదా అని వెల్లుల్లి ఒలవడం, బట్టలు మడతపెట్టడం, పిల్లల చేత లెక్కలు చేయించడం, అన్నీ ఆమె ఒళ్ళోకి వచ్చి పడేవి. గది గడప ఎత్తుగా ఉండేది. చక్రాల కుర్చీ దాటేలా దాన్ని చెక్కించమని అడిగితే, "అది బయటికెళ్ళి ఏం చెయ్యాలి బావగారూ?" అన్నాడు. వడ్రంగికి ఒక పూట పని. ఆ పూట కూలికన్నా చెల్లెలు చవకని ఆయన లెక్కలో తేలింది.

వికలాంగులకు రావలసిన భత్యాలు ఇప్పించి, సొంతంగా బతకడానికి సాయపడే సంస్థ ఒకటి మా వీధి చివర ఉంది. దాని అధ్యక్షుణ్ణి చూసి మొదట్లో నేను నవ్వుకున్నాను. ఒక చక్రాల కుర్చీ ఇచ్చి, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగే రకం. ఫొటోలో కుర్చీకన్నా ఆయన చొక్కా బాగా కనిపించాలి. అక్కడ పనిచేసే కళ్ళజోడావిడ మాత్రం వేరే సరుకు. లా చదివింది గానీ మొహమాటం చదవలేదు. మరదలికి సహాయకురాలి భత్యం ఇప్పించింది ఆవిడే. కింది అంతస్తులో గది వెతికి పెట్టిందీ ఆవిడే. బాత్రూం గోడకు బిగించే స్టీలు కడ్డీలు నా కొట్లోనే, నా లాభం ఊడ్చేసి మరీ కొంది. అంత బాగా బేరమాడే మనిషిని గౌరవించక తప్పదు.

మరదలు ఆ గదిలో ఉంటూ, లిఫ్టులు బాగుచేసే కంపెనీకి ఫోన్లు ఎత్తుతుంది. కాసేపు లిఫ్టులో ఇరుక్కున్న మహానుభావులు ప్రపంచం మునిగిపోయినట్టు ఆమె మీద అరుస్తారు. ఆమె వాళ్ళను ఓదారుస్తుంది. పొద్దునా సాయంత్రం ఆయా వస్తుంది. ఆయా జీతం ఆ భత్యంలోంచే. ఇప్పుడు ఆ భత్యం ఉంచాలా తీసెయ్యాలా చూడటానికి ఆఫీసరు గదికి వస్తున్నాడు. తీసేస్తే ఆయా ఉండదు. ఆయా లేకపోతే ఆ గదిలో బతుకూ ఉండదు. మళ్ళీ వెనక గది, మళ్ళీ వెల్లుల్లి.

ముందు రోజు కళ్ళజోడావిడ మరదల్ని సంస్థకు పిలిపించి కూర్చోబెట్టింది. తోడుగా నేనూ వెళ్ళాను.

"నేనే ఆఫీసర్ని అనుకో. ఎలా ఉన్నావమ్మా?"

"పర్వాలేదండీ."

"అయిపోయింది. నీ ఫైలు మూసేసి ఇంటికెళ్ళి భోంచేస్తున్నాడాయన. మళ్ళీ మొదలెడదాం. ఆయా రాని రోజు స్నానం ఎలా?"

"ఏదోలా... సర్దుకుంటానండీ."

"సర్దుకోడానికి అదేమన్నా బస్సులో సీటా? ఆయా రాకపోతే స్నానం లేదు. ఆ ముక్క చెప్పు."

"మగాయన ముందు అవన్నీ ఎలా చెప్తామక్కా?"

"చెప్పకపోతే ఆయన నీ సిగ్గుని మెచ్చుకుని భత్యం పెంచుతాడా?"

మరదలు నా వైపు తిరిగింది. "నువ్వేంటి బావా, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు?"

"పగిలిన బేసిన్ని బాగుందని అమ్మితే నన్ను దొంగంటారు. నీ కష్టాన్ని బాగుందని చెప్తున్న నిన్నేమనాలి?"

"చూశావా అక్కా? మా బావకి బేసిన్లు తప్ప ఇంకో పోలిక దొరకదు."

నవ్వింది. నవ్వుతూనే, "పర్వాలేదులే, రేపు చెప్తాను" అంది. కళ్ళజోడావిడ తల పట్టుకుంది.

మర్నాడు మరదలి గదిలో నేనూ, కళ్ళజోడావిడా, ఆయా కాచుకుని కూర్చుంటే, ఆఫీసరు చెప్పిన వేళ దాటిపోయాక వచ్చాడు. ఒక కన్ను సెల్‌ఫోన్ మీద, ఒక కన్ను కాగితం మీద. మనిషి మీద పెట్టడానికి కన్ను మిగల్లేదు. ఆయన వెనకే, ఎవరూ పిలవకపోయినా, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బావమరిది దిగాడు.

"ఎలా ఉన్నారమ్మా?" ఆఫీసరు తలెత్తకుండానే అడిగాడు.

"పర్వాలేదండీ."

కళ్ళజోడావిడ కళ్ళు మూసుకుంది. ఆఫీసరు పెన్ను కదిలింది. ఆ ఒక్క మాటా అచ్చంగా రాసుకున్నాడు.

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "ఆడపిల్లని పోషించలేని గతిలేనివాళ్ళం కాదు సార్. ఈ భత్యాలూ గట్రా మాకెందుకు? ఇంటికి తీసుకెళ్ళిపోతాం. అన్నీ మేమే చూసుకుంటాం."

"కుటుంబం ఉందన్నమాట." ఆఫీసరు మొహం వెలిగింది. పని తగ్గినప్పుడు కొందరికి వచ్చే వెలుగు అది.

మరదలు వాళ్ళన్నయ్యను చూసింది. తర్వాత గది చూసుకుంది. ఫోను బల్ల, చేతికందే ఎత్తులో బిగించిన స్విచ్చులు, గడప లేని తలుపు.

"అన్నయ్యా, నేను బాత్రూంకి వెళ్ళాలి" అంది.

"ఆ... వెళ్ళమ్మా."

"నువ్వు తీసుకెళ్ళు."

ఆయా లేవబోయింది. కళ్ళజోడావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

బావమరిది నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. కుర్చీ వెనక్కి వెళ్ళి తోశాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తోశాడు. ఇన్నేళ్ళు కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్న మనిషికి ఆ కుర్చీకి బ్రేకు ఉంటుందని తెలియదు. ముందుకొచ్చి ఆమె చంకల కింద చేతులు పెట్టబోయి, చొక్కా నలుగుతుందనో ఏమో వెనక్కి తీసుకున్నాడు. "ఈమధ్య నా నడుం బాగోలేదు... మీ వదినైతే..." అన్నాడు గోడతో.

ఆఫీసరు ఫోను జేబులో పెట్టాడు.

అప్పుడు ఆయా లేచింది. బ్రేకు తీసి కుర్చీని బాత్రూంలోకి తిప్పింది. మళ్ళీ బ్రేకు వేసి, కుర్చీ మీంచి కమోడ్ మీదికి జరగడానికి జారుడు చెక్క ఆనించింది. మరదలు నా కొట్టు కడ్డీని పట్టుకుని బరువంతా దాని మీద వేసింది. ఆయా ఆమె కాళ్ళు ఒకటొకటిగా ఎత్తి పెట్టి, అప్పుడు తలుపు మూసింది. మేం నలుగురం మూసిన తలుపును చూస్తూ కూర్చున్నాం. చాలాసేపు పట్టింది. అంతసేపు పడుతుందని నాక్కూడా తెలియదు.

తిరిగి వచ్చాక ఆమె ఆఫీసర్నే చూసి మాట్లాడింది. "మీ కోసం ఎదురుచూస్తూ ఇందాకటినుంచీ ఆపుకున్నాను సార్. పర్వాలేదులే అనుకుని. పర్వాలేదు కాదు. ఆపుకుంటే నాకు జ్వరం వస్తుంది. ఆయా రాకపోతే మంచం దిగలేను. దిగలేని రోజు నీళ్ళు కూడా తాగను, వెళ్ళాల్సొస్తుందని. మా అన్నయ్య ఇంట్లో వదిన పనులు తెమిలే మధ్యాహ్నం దాకా నేను నీళ్ళు ముట్టుకునేదాన్ని కాదు."

బావమరిది కిటికీలోంచి వీధిని పరిశీలిస్తున్నాడు.

ఆఫీసరు కాగితం మీద ఇందాకటి మాట కొట్టేశాడు. ఈసారి చాలా రాశాడు. మధ్యలో ఆపి రెండు మాటలు మళ్ళీ అడిగి మరీ రాశాడు. "భత్యం ఉంచమని రాస్తున్నానమ్మా" అన్నాడు. తన జేబులోంచి ఇస్తున్నట్టే అన్నాడు గానీ, వచ్చిన సరుకు వచ్చింది, దాని మూట ఎలా ఉంటే నాకేం?

ఆయన వెళ్ళాక బావమరిది చెప్పులు వెతుక్కున్నాడు. గుమ్మంలో ఆగి, మా అందరికీ వినపడేంత ప్రేమగా, "ఏదో నోరు జారి మాట్లాడాను. ఏమీ అనుకోకమ్మా" అన్నాడు.

మరదలు నోరు తెరిచింది. ఏ మాట వస్తుందో నాకు తెలుసు, కళ్ళజోడావిడకీ తెలుసు. ఇద్దరం ఒకేసారి ఆమె వైపు చూశాం.

"అనుకున్నాను, అన్నయ్యా" అంది.