ఆరని జాయింటు

వంటగది గట్టు కింద ఒక పక్కకు ఒరిగి పడుకుని, పానాయన విరిగిన పైపు కొసను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. అతని ముఖానికి జానెడు దూరంలో ఎవరెవరి కాళ్లో తిరుగుతున్నాయి. సెలవులకు ఆ ఇంటికి పద్నాలుగు మంది చుట్టాలు దిగారు. వాళ్ల పిల్లల్లో ఒకతె కొళాయి పట్టుకుని ఊగింది. కొళాయికి ఏమీ కాలేదు, పైపు చేతులెత్తేసింది.

చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి పేటకంతా అతను పానాయన. లోకానికి సెలవులొస్తే అతనికి ఊపిరాడదు. రెండేళ్ల తర్వాత కూతురు నాలుగు రోజులుండి పోదామని వచ్చింది. మొదటి మూడు రోజులూ అతను ఊరివాళ్ల కొళాయిల కిందే గడిపాడు. ఈ సాయంత్రం ఆరింటి బస్సుకు ఆమె వెళ్లిపోతుంది. "నీ బ్యాగు నేనే మోసి ఎక్కిస్తానే," అని పొద్దున మాటిచ్చి మరీ బయలుదేరాడు.

జిగురు పూసి పైపు అతికించాడు.

"ఇక నీళ్లు వదలవయ్యా," అంది ఇంటావిడ.

"గంట ఆరాలమ్మా."

"గంటా! స్నానాలు కాలేదని మా ఆడపడుచు అప్పుడే మూతి ముడుచుకుంది."

ముప్పై ఏళ్లలో ఏనాడూ చేయని పని పానాయన చేశాడు. ఇరవై నిమిషాలకే వాల్వు తిప్పాడు. ఆడపడుచు మూతి ఒక వంక మాత్రమే; తొందర తనదే. జాయింటుకు అలవాటుగా వార్తాపత్రిక ముక్క చుట్టి కట్టాడు. చెమ్మ వస్తే కాగితం చెబుతుంది. కానీ కాగితం చెప్పేది వినడానికి తను అక్కడ ఉండడు కదా!

అక్కణ్ణుంచి వెళ్లి రెండో ఇంట్లో పని చేస్తున్నప్పుడు పట్టుకుంది బెంగ. ఐదింటికి మొదటి ఇంటివాళ్లు మోటారు వేస్తారు. ఒత్తిడికి జాయింటు ఊడితే నీళ్లు తిన్నగా పక్క గదిలోకి పోతాయి. అక్కడ నేల మీద బాలింతరాలి పక్క ఉంది, పక్కన గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డు. రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆ సందడిలో ఫోన్ ఎవరికి వినపడుతుంది? ఆ కంగారులో వాషరు తిరగేసి బిగించి, మళ్లీ విప్పాడు. "చల్లగా ఉండు నాయనా," అని ఆ ఇంటి ముసలమ్మ దీవించినా చెవికెక్కలేదు.

ఐదుంపావుకి నాలుగు రోడ్ల దగ్గర సైకిలు ఆపాడు. ఎడమకు తిరిగితే తన ఇల్లు, కుడికి తిరిగితే ఆ బాలింత ఉన్న ఇల్లు. భార్య ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు? అది మాటిమాటికీ వీధిలోకి చూస్తోంది."

"ఇదిగో, వచ్చేస్తున్నా," అని కుడివైపు తిప్పాడు.

మోటారు మోగుతూనే ఉంది. గట్టు కిందికి దూరి కాగితం తడిమాడు. పొడిగా ఉంది. వేళ్లతో మళ్లీ తడిమాడు. పొడే.

"బాగానే ఉందయ్యా! ఈమాత్రానికి పడుతూ లేస్తూ వచ్చావా?" అని ఇంటావిడ నవ్వింది. పక్క గదిలో పసిగుడ్డు గుప్పిళ్లు బిగించి నిద్రపోతోంది. పానాయనకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే గోడ గడియారం కనపడింది.

ఎంత తొక్కినా ఇల్లు చేరేసరికి ఆరూ పది. భార్య గుమ్మంలో ఒక్కతే కూర్చుని ఉంది.

"ఆటోవాడు హారను మీద హారను. ఆఖరి నిమిషం దాకా ఇక్కడే నిలబడింది."

"కోపం వచ్చిందా?"

"లేదు. 'నాన్న ఏదో పని చూసుకోకుండా రాలేడు, నువ్వేమీ అనకమ్మా' అంది."

ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. అతను పానా నేల మీద పెట్టాడు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు శుభ్రంగా లేవు. కడుక్కుందామని లోపలికి నడిచి, గది మధ్యలో ఆగిపోయాడు. వెనకే వచ్చిన భార్య, "అయ్యో! ఇద్దరం వీధికేసి చూస్తూ దీన్నే మరిచిపోయాం," అంది.

బల్ల మీద, దారిలో తినడానికి కూతురికి కట్టిన మూడు గిన్నెల క్యారేజీ ఉంది, అడుగు గిన్నె ఇంకా వెచ్చగానే.