పడుకోబెట్టే ముందు మార్చాల్సిన ఆయిల్

వెండెలిన్ షెడ్డులో కారు కింద వెల్లకిలా పడుకుని, వెనక చక్రం లోపలివైపు తడిమాడు మెకానిక్ ఓట్మార్. వేలికి ఊదారంగు బ్రేక్ ఆయిల్ అంటుకుంది.

"మళ్ళీ ఇదే పోశావట్రా, మొండిఘటమా!"

"పాత కార్ల క్లబ్బులో అందరూ అదే మంచిదంటున్నారు. కారు రంగు చెడదట," అన్నాడు వెండెలిన్, స్టూలు మీంచి. ఊరి పాత వడ్రంగి, ఓట్మార్‌తో కలిసి బడికెళ్ళినవాడు.

"మంచిదే! పాతదంతా కక్కించి, రబ్బర్లు మార్చి పోస్తే మంచిదే. పాతదాని మీద పోస్తే అదీ ఇదీ కలిసి చస్తాయా?"

"నేనూ మా ఆవిడ గెర్లిండా కలిశామా ఏంటి? కాపురం నడవట్లేదూ?"

ఓట్మార్‌కు నవ్వు రాలేదు. మార్చి ఆఖరి రోజంటేనే అతనికి ఒళ్ళుమంట. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మాత్రమే రోడ్డెక్కేందుకు అనుమతిచ్చే నంబరు ప్లేట్లున్న పాత కార్లన్నీ చలికాలమంతా షెడ్లలో ముసుగుతన్ని పడుకుంటాయి. ఈలోగా బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మ తాగుతుంది, సిలిండర్లు తుప్పుపడతాయి, లీకులు మొదలవుతాయి. పడుకోబెట్టే ముందే మార్చండయ్యా అని ఏటా మొత్తుకుంటాడు. వింటేగా! అందరికీ కారు రేపే కావాలి. పెళ్ళీ పెటాకులూ లేకుండా అతని జీవితమంతా ఇతరుల కార్ల కిందే గడిచింది. సొంతానికి ఉన్నది సైకిలు.

వెండెలిన్‌కు రేపు భార్యను బోడెన్ సరస్సుకు తీసుకెళ్ళాలి. ఏటా ఏప్రిల్ ఒకటిన అక్కడ చేపలు తినాల్సిందే. ఆ తర్వాత కారు తోలనని ఈసారి ఆమెకు మాటిచ్చాడు.

"ఇదొక్కసారికి పంపించరా."

"బ్రేకు పడితేనే. సగం పూట పని, చేసుకోలేకపోయావు. ఉత్త బద్ధకస్తుడివి!"

వెండెలిన్ సూపు తాగి కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళాడు.

ఓట్మార్ ఆయిలంతా వదిలించి, గొట్టాలు కడిగి, రబ్బర్లు మార్చి, తను తెచ్చిన కొత్త ఆయిల్ పోశాడు. గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి గెర్లిండను పిలిచి పెడల్ తొక్కించాడు. "తొక్కు... పట్టుకో... వదులు." సాయంత్రానికి పెడల్ రాయిలా గట్టిపడింది.

"వెళ్ళి లేపు వాణ్ణి. చూసి ఏడుస్తాడు."

ఎంతసేపటికీ ఆమె తిరిగి రాలేదు. ఓట్మార్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. వెండెలిన్ పడుకున్న సోఫా పక్కన గెర్లిండ నేలమీద కూర్చుని ఉంది.

"లేవట్లేదు ఓట్మారూ," అంది.

డాక్టరు వచ్చి వెళ్ళాక, సామాను సర్దుకోవడానికి ఓట్మార్ మళ్ళీ షెడ్డులోకి వచ్చాడు. గెర్లిండ వెనకే వచ్చింది.

"వాణ్ణి బద్ధకస్తుడన్నాను," అన్నాడు ఓట్మార్, ఆమె వైపు చూడకుండా.

"నీ మాట విన్నాడయ్యా. చలికాలానికి ముందే నువ్వు చెప్పిన ఆయిలే కొన్నాడు. కారు కింద పడుకున్నాడు గానీ లేవలేకపోయాడు. నేనే లాగి లేపాను. నీకు తెలిస్తే కారు తోలనివ్వవని చెప్పొద్దన్నాడు. ఊదారంగుదైతే పాతది తీయకుండా, నిలబడే పైన పోసేయొచ్చు కదా అన్నాడు."

"చెప్తే నేనొచ్చి చేసేవాణ్ణి కదరా గాడిదా!" అని ఓట్మార్ షెడ్డు అదిరేలా అరిచాడు. తిట్టడానికి మనిషి లేడని గుర్తొచ్చింది.

గెర్లిండ డిక్కీ తెరిచింది. మోకాళ్ళ కింద వేసుకోవడానికి ఆమె కుట్టిచ్చిన చిన్న దిండు మీద, సీలు విప్పని ఆ ఆయిల్ సీసా పడుకుని ఉంది.