కోడి ఎముకల్లో పంది కాలు

మా కలసిన్ కొండల్లో తవ్విన చోటల్లా డైనోసార్ ఎముకలే. అందుకని మా ఊళ్ళో అందరికీ కాస్త పొగరు. ఉన్నమాటే, దాచడమెందుకు? పిల్లల బడిలో వంట నాది. పొద్దున్నే జిగురన్నం ఆవిరికి పెట్టడం, కోడి పులుసు కాయడం నా పని.

ఉరై టీచర్ నిరుడే వచ్చింది. అయిదేళ్ళ పిల్లలకు డైనోసార్ బొమ్మలు చూపించి ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "లమ్దువాన్ పెద్దమ్మా, కోడి ఎముకలు పారెయ్యకండి," అంది. కోడి డైనోసార్‌కి చుట్టమట! నేను వాటిని ఉడికించి, కడిగి, ఎండబెట్టి ఇచ్చేదాన్ని. తను ఇసుక గుంటలో పూడ్చి, పిల్లలకు రంగుల కుంచెలిచ్చి తవ్వించి, దొరికినవాటిని డైనోసార్‌లా పేర్పించేది. పిల్లలు ముందు చేతులు జోడించి, "తాతా, చూసి పెట్టేస్తాం, కోప్పడకు," అని ఎముకల్ని అడిగి మరీ మొదలుపెట్టేవాళ్ళు. ఎముక విరిచి లోపల డొల్లగా ఉండడం చూపించేది టీచర్. అరచేతిలో బరువు చూడమనేది. "సరిపడకపోతే పక్కన పెట్టండి, ఇరికించొద్దు." రోజూ ఇదే పాట.

అంతలో కబురొచ్చింది. పై ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి, ఈ మట్టి ఆటలు చదువో కాదో తేలుస్తుందట. కాదంటే ఉరై టీచర్ కొలువు ఆ నెలాఖరుతో సరి.

నాకు కంగారు పుట్టింది. ఆ కోడి కాళ్ళు చూస్తే పుల్లల్లా ఉన్నాయి. మా ఊరి డైనోసార్ ఇంత పీలగా నిలబడితే వచ్చినావిడ నవ్విపోదా? ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే, ఎవరూ రాకముందు, టీచర్ పూడ్చిపెట్టిన తొడ ఎముక ఒకటి తీసి బూడిదగుంటలో పారేశాను. దాని చోట ఒక పందిపిల్ల ఎముక పెట్టాను. రెండో కాలికి జత దొరకలేదు. ఒక్క కాలైనా దిట్టంగా ఉంటుందిలే అనుకున్నాను. తెలివి ఎక్కువైతే ఇంతే.

ఖాకీ ఉడుపుల్లో ఆవిడ వచ్చింది. పిల్లలు తవ్వి, ఎముకలు ఒక్కొక్కటే గుడ్డ మీద పేర్చారు. ఫైలిన్ అని ఒక గడుగ్గాయి ఉంది. అది నేను పెట్టిన ఎముక తీసుకుని, చేతిలో ఊపి చూసి, పక్కన పెట్టేసింది.

"కాలు వదిలేశావేం?" అంది ఆవిడ.

"ఇది దీనిది కాదు."

"మరి కాలు లేకుండా నీ డైనోసార్ ఎలా నడుస్తుందే?"

"నడవదు. అయినా ఇది దీనిది కాదు."

"పెట్టెయ్యవే, మేడమ్ చూస్తోంది!" అని పక్క పిల్లాడు గిల్లాడు. ఫైలిన్ పెట్టలేదు.

"ఏది కాలో కూడా పిల్లకి తెలియట్లేదే, టీచర్ గారూ," అంటూ ఆవిడ కాగితం మీద ఏదో గీకింది. ఉరై ముఖం పాలిపోయింది. తన చేత్తో పూడ్చినవన్నీ కోడివే కదా మరి. "ఇంకోసారి చూడమ్మా, ఫైలిన్," అంది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మాత్రం కదల్లేదు.

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాను. తప్పు ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. మా ఆయన్ని అడిగినా చెబుతాడు. కానీ నేను నోరు మూసుకుంటే పిల్ల మొద్దవుతుంది, టీచర్ ఇంటికి పోతుంది.

"ఆ కాలు పెట్టింది నేనమ్మా. పందిది," అన్నాను.

"ఎందుకు పెట్టారు?"

"మా డైనోసార్ కోడి కాళ్ళ మీద నిలబడితే మీరు నవ్వుతారని."

ఉరై చూసిన చూపుకి గరిటె వెనక దాక్కోవాలనిపించింది. ఆవిడ మాత్రం నన్ను వదిలేసి, ఫైలిన్ ముందు గొంతుక్కూచుంది. "నీకెలా తెలిసిందే?"

"కళ్ళు మూసుకో," అంది ఫైలిన్. ఒక చేతిలో కోడి ఎముక, ఇంకో చేతిలో నాది పెట్టింది. "ఇది బరువు. కోడిది లోపల డొల్ల. పంది డైనోసార్‌కి చుట్టం కాదు."

ఆవిడ కళ్ళు తెరవకుండానే రెండు చేతులూ చాలాసేపు ఊపి చూసింది.

కోడి కాలు ఎక్కడ పారేశానో చెప్పాక అందరం బూడిదగుంట మీద పడ్డాం. ఇస్త్రీ ఖాకీ మీద బూడిద పడుతున్నా ఆవిడా ఒక కుంచె అందుకుంది. అసలు కాలు దొరికింది. ఫైలిన్ బరువు చూసి, సరే అంది.

"పిల్లలు ఏం నేర్చుకున్నారో ఇక్కడ రాయాలి," అని ఆవిడ కలం తీసింది. ఉరై చెప్పబోయేలోపే నేనే అందుకున్నాను.

"రాసుకోండమ్మా. వంటమనిషి లమ్దువాన్ చేసిన తప్పు అయిదేళ్ళ పిల్ల పట్టింది. పెద్దవాళ్ళంతా కలిసి అదిలించినా మాట మార్చలేదు. అది నేర్పింది ఉరై టీచర్."

"మీ పేరు కాగితమెక్కుతుంది మరి."

"ఎక్కనివ్వండి. గుండ్రంగా రాయండి."

టీచర్ కొలువు నిలిచింది. ఆ కాగితం నకలు బడి గోడకి అంటించారు. వచ్చేపోయేవాళ్ళంతా నా తప్పు చదువుకుంటున్నారు. చదువు రానివాళ్ళకి నేనే వినిపిస్తున్నాను.