తప్పిపోయినవాళ్ళ కౌంటర్లో నేను

నేను ఒక మైక్రోకంట్రోలర్‌ను. గోరంత ఉంటాను. తెర, మీటలు లేని కంప్యూటర్ అనుకోండి.

నావంటివి ఒకే సిలికాన్ పళ్ళెం మీద వందలుగా తయారయ్యాయి. తర్వాత కోసి విడదీశారు. కోఠిలోని దుకాణంలో ఉన్న నన్ను హనుమకొండలో మోటార్లు బాగుచేసే యాదగిరి కొన్నాడు. ఒక ఇంట్లో నీళ్ళ ట్యాంకు నిండగానే మోటారు ఆపడం నా పని. ఆ ఇంటాయన నన్ను నమ్మలేదు. మోటారు వేసిన ప్రతిసారీ మేడెక్కి ట్యాంకులోకి తొంగిచూసేవాడు. ఆయన ఇల్లు అమ్మేశాక యాదగిరి నన్ను విప్పి, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మేనకోడలు సుమలతకు ఇచ్చాడు.

ఆమె నాకు ఒక మెమరీ కార్డు, చిన్న తెర, మీటలు తగిలించి ఎర్రగుట్ట జాతరకు తీసుకెళ్ళింది. అక్కడ జనం పెరిగాక ఫోన్లు పనిచేయవు. అందుకని బస్సు దిగిన ప్రతి ఒక్కరి చేతికి నంబరున్న పట్టీ కడతారు. పేరు రాసుకుంటారు. అలా రెండు లక్షల పేర్లు నా కార్డులో చేరాయి.

నా సొంత జ్ఞాపకంలో అన్ని పేర్లు పట్టవు. సుమలత వాటిని నంబర్ల వరుసలో పేజీలుగా కార్డు మీద పేర్చింది. ప్రతి పేజీలోని మొదటి నంబరును మాత్రం నా జ్ఞాపకంలో ఉంచింది. ఎవరి నంబరైనా అడిగితే అది ఏ పేజీలో ఉందో నాకు తెలుస్తుంది. ఆ ఒక్క పేజీ చదివితే చాలు. అడిగినవాళ్ళు రెప్ప వేసేలోపు జవాబు వస్తుంది.

తప్పిపోయినవాళ్ళను దగ్గరలోని శిబిరంలో కూర్చోబెట్టి, వాళ్ళ పట్టీ నంబరును వాకీటాకీలో మాకు చెప్పేవారు. సుమలత ఆ పేరు పక్కన శిబిరం గుర్తు పెట్టేది, తమవాళ్ళను కలిశాక తీసేసేది.

రెండో రోజు మధ్యాహ్నం కొమురయ్య అనే రైతు తల్లిని వెతుక్కుంటూ మా కౌంటర్‌కు వచ్చాడు.

"మా అవ్వ తప్పిపోయింది మేడం. పేరు రాజవ్వ. పొద్దుగాల షుగరు సూది ఏసుకున్నది, ఇంక ఏం తినలె. సద్ది నా తాననే ఉన్నది."

సూది వేసుకుని తినకపోతే మనిషి పడిపోవచ్చని సుమలతకు తెలుసు. "అవ్వ నంబరు ఎంత?"

"ఎవలు సూసిన్రు మేడం."

పేరుతో వెతకాలంటే నేను కార్డంతా చదవాలి. చదివినా రాజవ్వలు వందల్లో తేలతారు. వాకీటాకీలో అడిగితే ప్రతి శిబిరంలోనూ ఒక రాజవ్వ ఉంది.

"ఇద్దరూ ఒకే బస్సు దిగారా? మీ పట్టీ చూపించండి," అంది సుమలత.

కొమురయ్య చేతికి పట్టీ లేదు. "యాటకు కట్టిన మేడం. మందిల తప్పిపోతదని."

పక్కనే కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ ఐలయ్య తలెత్తాడు. "యాటను పట్టుకొని అవ్వను ఇడిసిపెట్టినవా?"

"అవ్వకు నోరున్నది గద సారూ. అడుక్కుంట వస్తదనుకున్న."

మేకపోతు బయట గుంజకు కట్టేసి ఉంది. ఐలయ్య దాని తల పట్టుకుని కొమ్ముకున్న నంబరు చదివాడు. సుమలత దాన్ని నాకిచ్చింది. నేను ఆ పేజీ తీశాను. కొమురయ్య కింది వరుసలోనే రాజవ్వ ఉంది. బస్సు దిగినప్పుడు ఆమె అతని వెనకే నిలబడింది. పేరు పక్కన ఆరో శిబిరం గుర్తు ఉంది.

ఐలయ్య ఆరో శిబిరాన్ని పిలిచాడు. అటువైపు గొంతు చెప్పింది: "ఆ అవ్వనా? కొడుకు తప్పిపోయిండని మమ్ములనే తిడుతున్నది సార్. శెమటలు పడుతున్నయ్."

"నోట్ల శక్కెర పొయ్యున్రి. సద్ది వస్తున్నది," అన్నాడు ఐలయ్య.

కొమురయ్య అప్పటికే సద్దిగిన్నె పట్టుకుని పరుగెత్తాడు. మేకపోతు మా దగ్గరే ఉండిపోయింది. కొంతసేపటికి వాకీటాకీ మళ్ళీ పలికింది. అవ్వ తింటోంది, తింటూనే కొడుకును మందలిస్తోంది. సుమలత రాజవ్వ పేరు పక్కన గుర్తు తీసేసింది.

జాతర ముగిశాక నన్ను పాలిటెక్నిక్ బీరువాలో పెట్టే సమయం వచ్చింది. జనం పేర్లు మన దగ్గర ఉండకూడదంటూ సుమలత కార్డు చెరపబోయింది. దానికి ముందు, శిబిరం గుర్తు మిగిలిన పేర్లు ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగింది. ఈసారి తొందర లేదు. కార్డు మొత్తం చదివాను. ఒక్కటీ దొరకలేదు.

ఆమె హాయిగా నవ్వింది. వెతకడమే పనైన నాకు ఏమీ దొరకనందుకు ఒక మనిషి సంతోషించడం అదే మొదటిసారి.